ప్రాత సైనికవాహనములు - క్రొత్త వేషములు

ప్రాతవస్తువును కాపాడుట వేఱు, ప్రాతవస్తువుతో వేషము కట్టుట వేఱు. మొదటిది జ్ఞానమునకు, రెండవది ఆడంబరమునకు సంబంధించినది. ఈ భేదమును మఱచినవారు కొందఱు నేడు మన తీరమున నొక క్రొత్త వినోదమును పెంచుచున్నారు. సైన్యమువారు సేవనుండి తొలగించి వేలము వేసిన జీపులను, జోంగాలను కొని, విప్పించి, బాగుచేయించి, పచ్చరంగు పూయించి, సెలవుదినములలో మంగినపూడి ఒడ్డునకు తోలుకొనివచ్చి, చుట్టు మూగినవారిచేత "ఆహా" యనిపించుకొనుటయే యీ వినోదము.

దీనిని గూర్చి మన చదువుకొన్న కుటుంబములలో రెండు తీర్పులు వినవచ్చుచున్నవి. డబ్బు ఎక్కువైన పడుచువారి పిచ్చి యని కొందఱు కొట్టివేయుదురు. దేశభక్తి యని మఱికొందఱు నెత్తికెత్తుకొందురు. రెండును తొందరపాటు తీర్పులే యని నా మతము. ప్రాత సైనికవాహనమును బాగుచేయుట మంచి పని. మన పిల్లలు నేర్వదగిన పని. కాని మనలో పెక్కుమంది దానిని సాగించుచున్న తీరు మాత్రము అసత్యముతో కూడినది, పరులకు కీడు చేయునది, శ్రామికుని చిన్నబుచ్చునది. ఈ మాటను నిరూపించుటకే యీ వ్యాసము.

ముందుగా ఆ వాహనమెట్టిదో తెలిసికొందము. 1940వ సంవత్సరమున, ఐరోపాలో యుద్ధము ముదురుచుండగా, నాలుగు చక్రములకును బలమందించు తేలికపాటి చిన్నబండి తమకు కావలెనని అమెరికా సైన్యమువారు 135 కంపెనీలకు వ్రాసిరి. గడువు మిక్కిలి తక్కువ. ఆ గడువులోపల నమూనాబండిని తెచ్చి నిలిపినది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అను చిన్న కంపెనీ. పెద్ద ఉత్తరువులు మాత్రము విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కినవి. 1945 నాటికి ఆ రెండును కలిసి ఆఱులక్షలకు మించిన బండ్లను తయారుచేసినవి. నాలుగు సిలిండర్ల యంత్రము, 60 అశ్వశక్తుల బలము, 6 వోల్టుల విద్యుత్తు, మడిచిన రేకుతో చేసిన ఒళ్లు: ఇంతియే దాని సంపద. దారిప్రక్కన నిలిపి, సామాన్యమైన పనిముట్లతో సరిచేసికొనవీలగుటయే దాని గొప్ప. ఫోర్డువారు తాము చేసిన భాగములపై, చిన్న బోల్టులపై సైతము, తమ పేరులోని మొదటి ఆంగ్లాక్షరమును అచ్చొత్తిరి. నేడు ప్రాతబండిని విప్పు మేస్త్రీ ఆ అక్షరమును చూచి దాని పుట్టుక చెప్పగలడు.

యుద్ధము ముగిసిన పిమ్మట మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చ మొదలిడిరి. అటుతరువాత జబల్పూరులోని ప్రభుత్వ కర్మాగారమున నిస్సాన్ నమూనాపై తయారైన జోంగా మన సైన్యమున చేరినది. ఇంతవఱకు సైనికచరిత్రయే. కాని యిచ్చటినుండి మన కథ అమెరికావారి కథతో విడిపోవును. తెలుగుపల్లెలో జీపన్నమాట వినగానే తుపాకి తలపునకు రాదు. తహసీలుదారుగారు వచ్చిరనుట తలపునకు వచ్చును. ఎన్నికల మైకు, గోడలకు మలేరియా మందు చల్లువారు, టీకాలవారు, కాలువగట్టు చూడవచ్చిన ఇంజనీరు తలపునకు వత్తురు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడి వేలకొలది ప్రాణములను మ్రింగినపుడు, మిగిలినవారికి కావలసినది వీరగాథ కాదు. బురదలో దిగబడక బియ్యమును, మంచినీటిని, వైద్యుని చేర్చగల నాలుగు చక్రములు. మన నేలపై జీపు చరిత్ర నూటికి తొంబదిపాళ్లు పౌరచరిత్రయే. అట్టి బండిని కొనివచ్చి, దాని ముక్కుపై అమెరికాసైన్యపు తెల్లనక్షత్రమును వ్రాసి, ఫ్రాన్సు తీరమున యుద్ధము చేసివచ్చిన దానివలె నిలుపుట ఎవరి చరిత్రను కాపాడుట? ఎన్నడును లేని యొక చరిత్రను పుట్టించి, ఉన్నదానిని తుడిచివేయుటయే కదా!

ఇక ఆక్షేపణలను విచారింతము. "ఇనుపకొట్టునకు పోవలసినదానిపై ఇంత ధనమేల? ఆ సొమ్ముతో క్రొత్తబండి రాదా?" అని యింటిలెక్కలు చూచువారు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. కాని ఉపయోగమొక్కటే విలువకు కొలతయైనచో, మన యింటి అటకపైనున్న తాటాకుగ్రంథములను పొయ్యిలో పెట్టవలసివచ్చును. ఇందుకు విశాఖపట్టణమే సాక్ష్యము. 1969లో సోవియట్ దేశమునుండి మన నౌకాదళమున చేరి, 31 సంవత్సరములు కొలువుచేసి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని ముక్కలుచేయక, ఒడ్డునకు లాగి, 2002లో ప్రజలకు తెఱచిరి. ఆ 91 మీటర్ల ఇనుపగొట్టములో 75 మంది ఎట్లు తినిరో, ఎట్లు పండుకొనిరో, తలవంచి నడచిన ప్రతి బాలునకును తెలియును. కొలువునుండి విరమించిన నావికులే అచ్చట నిలిచి చూపరులకు విషయమును వివరింతురు. 2017లో దాని కెదురుగా టి.యు. 142 విమానమును కూడ నిలిపిరి. ఇది సత్యమైన సంరక్షణము.

దీనికి విపర్యయము విక్రాంత్ నౌక. 1971 యుద్ధమున పేరుగాంచిన యా విమానవాహకనౌక 1997లో విరమించి, కొన్నియేండ్లు ముంబయిలో ప్రదర్శనశాలగా నిలిచి, తుదకు పోషించు దిక్కులేక 2014లో ఖండింపబడినది. దేశమంతయు పేరు చెప్పుకొన్న నౌకకే యీ గతి పట్టినపుడు, ఒక గృహస్థు తన యింటి ఆవరణమున నొక ప్రాతబండిని కాపాడినచో అతనిని పిచ్చివాడనుట న్యాయము కాదు. అతడు దేశము చేయలేకపోయిన పనిలో నొక అణువును చేయుచున్నాడు. అయితే అతడు కుర్సురాను అనుసరించుచున్నాడా, లేక నాటకపు తెరను అనుసరించుచున్నాడా యని మాత్రము అడుగక తప్పదు.

రెండవ ఆక్షేపణ మఱింత బరువైనది. "హింసాసాధనములను ముస్తాబుచేసి బిడ్డలకు చూపుట యుద్ధకాంక్షను నేర్పుట కాదా?" అని శాంతిప్రియులు అడుగుదురు. జాతీయకళాశాలను కన్న బందరులో నీ ప్రశ్న పుట్టుట సహజమే. కాని యుద్ధమును చూడకుండుటచేత యుద్ధము లేకుండ పోదు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధమునపుడు గాయపడినవారిని మోయు దళమును కూర్చెను. మన భట్లపెనుమఱ్ఱువాడైన పింగళి వెంకయ్యగారు అదే యుద్ధమున సైనికుడుగా పనిచేసిరి. పిమ్మట జాతీయపతాకకు రూపము కల్పించిరి. యుద్ధమును దగ్గఱనుండి చూచినవారే శాంతికి విలువ కట్టగలిగిరి. యుద్ధము మన గడపకు రాలేదనుటయు పొరపాటే. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిరి. అంతకు పూర్వమెన్నడో, 1759లో, ఆంగ్లేయులు ఫ్రెంచివారి చేతినుండి బందరుకోటను రాత్రివేళ దాడిచేసి పట్టిరి. కోటలోని ఆయుధాగారపు శిథిలములను తీరికగా చూచివచ్చినవారు మనలో నెందఱు? కాబట్టి దాచుట మందు కాదు, ఉన్నదున్నట్లు చూపుటయే మందు. యుద్ధపు బండిని చూపినపుడు దాని యిఱుకును, కుదుపును, అందు కూర్చున్నవాని భయమును కూడ చూపవలెను. మెఱుగును మాత్రమే చూపినచో శాంతిప్రియుల ఆక్షేపణ నిజమే యగును.

అసలు దోషము లిట నున్నవి. ఒకటి రంగునుగూర్చిన అసత్యము. రక్షణశాఖకు చెందిన వాహనములకు తప్ప మఱి దేనికిని ఆలివ్ పచ్చరంగు పూయరాదని కేంద్ర మోటారు వాహన నియమములలో 121వ నియమము చెప్పుచున్నది. దేశభక్తిని ప్రకటించుటకై దేశపు చట్టమును మీఱుట ఎట్టి దేశభక్తి? "ఆ రంగు లేనిది బండి మూలరూపము చెడును గదా" యని కొందఱందురు. ఈ మాటకు బలము లేకపోలేదు. కాని నియమము ఉద్దేశించినది మూలరూపమును చెఱుచుట కాదు. సైనికుడు కానివానిని సైనికుడని లోకము భ్రమింపకుండ చూచుట. వీధిలో ఆ రంగు బండి కనబడినచో దారినిచ్చువాడు సైన్యమునకు దారి యిచ్చుచున్నాడు. ఆ గౌరవమును కాజేయుటకు మనకు హక్కు లేదు. కావున బండి తన రెండవ జన్మమున, అనగా కచేరీలోనో ఆస్పత్రిలోనో, ఏ రంగు ధరించెనో ఆ రంగునే పూయుట సత్యమునకును చట్టమునకును సమ్మతము. క్రిందినున్న మూలవర్ణమును చూపగోరినచో, తలుపుచాటున అఱచేయి వెడల్పున దానిని గీకి విడిచిపెట్టి, ప్రక్కన నొక చీటి వ్రాసిపెట్టిన చాలును.

2021లో కేంద్రప్రభుత్వము చేసిన ప్రాతవాహన నియమములు కూడ ఈ దారినే చూపుచున్నవి. 50 ఏండ్లు దాటి, మూలరూపమున నిలిచి, పెద్దమార్పులకు లోనుకాని రెండు చక్రముల, నాలుగు చక్రముల బండ్లకు ప్రత్యేకమైన నమోదు కలదు. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు. పది సంవత్సరములు చెల్లును. కాని అట్టి బండిని ప్రతిదినమును వీధిలో త్రిప్పరాదు. ప్రదర్శనమునకు, పరిశోధనమునకు, ప్రాతబండ్ల యాత్రకు, మరమ్మతునకు మాత్రమే తోలవచ్చును. చట్టమువారు ఆ బండిని గ్రంథాలయములోని ప్రాతప్రతివలె భావించుచున్నారు. మనవారో పెండ్లికుమారుని ఊరేగింపునకు దానిని అద్దెకిచ్చుచున్నారు! ఒకనాడు ఏనుగంబారీ, మొన్న పల్లకీ, నేడు జీపు. మామగారి జేబు చిల్లుపడుటలో మాత్రము మార్పులేదు. వరకట్నమును సభలలో ఖండించు చదువరులు, ఆ కట్నపు వైభవమునకు యుద్ధవాహనమును తోడుతెచ్చుటను చూచి నవ్వి ఊరకుండుట తగునా?

రెండవది తుపాకినిగూర్చిన అసత్యము. జీపుపై కొయ్యతోనో, ఇనుపగొట్టముతోనో చేసిన దొంగతుపాకిని బిగించి, దాని వెనుక పసిబిడ్డను నిలిపి ఛాయాచిత్రము తీయుట యొక ముచ్చటయైనది. ఆ బిడ్డ ఏమి నేర్చుకొనును? తుపాకి యనగా బొమ్మయని, యుద్ధమనగా ఆటయని నేర్చుకొనును. సరిహద్దున కాలో చేయో పోగొట్టుకొని తిరిగివచ్చిన సైనికుడు మన ఊళ్లలోనే యున్నాడు. అతని యెదుట ఈ బొమ్మతుపాకిని త్రిప్పగలరా? త్రిప్పలేనిచో, అది అతని పరోక్షమునను తగనిదే.

మూడవది, నాకు అన్నిటికంటె బాధాకరమైనది, చేతినిగూర్చిన అసత్యము. "ఈ బండిని నేను బాగుచేసితిని" అని యజమాని చెప్పుకొనును. నిజముగా బాగుచేసిన దెవరు? ఉప్పుగాలిలో నిలిచిన యినుము పనియేమో తెలిసినవారు ఆలోచింపుడు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఇనుమునంటి నిలుపును. ఆ ఉప్పుతడిలో త్రుప్పు వేగముగా వ్యాపించును. పైన రంగు పూసినచో లోపలి త్రుప్పు ఆగదు. చాటున మఱింత తినును. కావున ముందు మంచినీటితో కడిగి, ఒళ్లును ఛాసిస్ నుండి విడదీసి, త్రుప్పును తళుకు కనబడువఱకు గీకి, తినివేయబడిన చోటును కోసి క్రొత్త రేకును వెల్డింగు చేసి, టింకరింగుతో వంకర తీసి, తేమ మరల పట్టకముందే ప్రైమరు పూయవలెను. కమానుకట్టలను విప్పి, విఱిగిన పట్టీలను మార్చవలెను. కార్బొరేటరును కడుగవలెను. దొరకని భాగమును లేతుమీద క్రొత్తగా తిప్పించవలెను. ఇవి నెలలపని. ఈ పనిని చేయువాడు బందరులోనో, గుడివాడలోనో, విజయవాడ ఆటోనగరులోనో ఒక రేకులషెడ్డులో మోకాళ్లపై కూర్చున్న మేస్త్రీ. చెవితో విని యంత్రపు జబ్బు చెప్పగల యా పండితుడు పాఠశాలలో ఎన్నో తరగతి చదివెనో అడుగువారు కలరుగాని, అతని పేరును బండిపై వ్రాయించువారు లేరు. ఆలయము కట్టిన రాజు పేరు శాసనమున నిలిచి, రాతిని చెక్కిన శిల్పి పేరు మఱుగుపడిన అన్యాయమును చరిత్రపాఠములో చెప్పి విచారింతుము. ఆ అన్యాయమునే మన వీధిలో మరల చేయుచున్నాము.

ఈ దోషము మన చదువులోనే యున్నది. అంతర్దహనయంత్రమునుగూర్చి పరీక్షలో నూటికి నూఱు మార్కులు తెచ్చుకొన్న కుఱ్ఱవాడు స్పానరును ఏ ప్రక్కకు త్రిప్పవలెనో యెఱుగడు. చేతికి గ్రీజు అంటుటను అవమానముగా భావించు కుటుంబమున పెరిగినవాడు మఱి ఎట్లెఱుగును? బందరునకీ జాడ్యము తగదు. 1910లో ఇచ్చట స్థాపింపబడిన ఆంధ్రజాతీయకళాశాల అక్షరవిద్యతో చేతిపనిని జోడించెను. 1926లో ఇచ్చటనే పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ, పాఠశాలల ప్రయోగశాలలకు కావలసిన పరికరములను తెలుగువారి చేతులతో చేయించెను. 1983లో ఆ కంపెనీని భారత్ ఎలక్ట్రానిక్సువారు తీసికొనిరి. అటుపిమ్మట సైన్యమునకు కావలసిన చూపు పరికరములు బందరులో తయారగుచున్నవి. అనగా యంత్రజ్ఞానము, సైనికావసరము, విద్య, ఈ మూడును కలిసిన యూరు మనది. అట్టి యూరిలో ప్రాతసైనికవాహనము విద్యాసాధనము కావలెను గాని ఊరేగింపుబండి కారాదు.

ఒడ్డునుగూర్చి యొక్కమాట. మంగినపూడి నల్లనేల తీరము బండితోలుటకు అనుకూలముగా కనబడును. కాని అది ఖాళీచోటు కాదు. అచ్చట బెస్తవారి వలలు, పడవలు ఉండును, పిల్లలు ఆడుచుందురు. దక్షిణమున దివిసీమవైపు కృష్ణా అభయారణ్యపు తీరమునందు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ప్రతియేట చలికాలపు చివర ఒడ్డెక్కి, ఇసుకను త్రవ్వి, ఒక్కొక్కటి నూఱు గుడ్లకు పైబడి పెట్టి, కప్పి మరలిపోవును. పిల్లలు బయటికి వచ్చుటకు నెలన్నరకు పైగా పట్టును. పైనుండి చూచువానికి అచ్చట గుడ్లున్నట్లు తెలియదు. నాలుగు చక్రముల బలముతో ఇసుకపై గిఱ్ఱున తిరుగు బండి ఆ గుడ్లను నలిపివేయును. ఇసుకను గట్టిపఱచి, పైకి రావలసిన పిల్లలకు దారి మూసివేయును. నూఱు ప్రాణులను తనకు తెలియకయే చంపి ఇంటికి పోయినవాడు సముద్రపుగాలి హాయిగా నున్నదని చెప్పుకొనును! బండిని రోడ్డుపై నిలిపి, ఒడ్డునకు నడచిపోవుటలో ఎవరి వీరత్వమును తగ్గదు.

ఇంతమాత్రమున ఈ వ్యసనమును మానుడని నేననను. మార్చుడనియే అనుచున్నాను. కొనకముందు ఇంటివారందఱును కూర్చుండి లెక్క చూచుకొనుడు. కుమార్తె చదువునకు డబ్బులేదని చెప్పిన యింటిలో జోంగా వచ్చి నిలిచినచో, ఆ బండిని చూచి గర్వింపవలసినదేమియు లేదు. కొన్న పిమ్మట బండికొక పుస్తకము పెట్టుడు. అది ఏ కర్మాగారమున పుట్టెను, ఎచ్చటెచ్చట కొలువు చేసెను, ఏ భాగము మొదటిది, ఏ భాగము మార్చినది, మార్చిన మేస్త్రీ పేరేమి, లేతు త్రిప్పిన వాని పేరేమి, అన్నియు తేదీలతో వ్రాయుడు. తెలియనిచోట తెలియదని వ్రాయుడు, నక్షత్రము అతికింపకుడు. ఆ పేర్లను రేకుపై చెక్కించి బండిముందు బిగింపుడు. నెలకొక దినము దగ్గఱి పాఠశాలకు తీసికొనిపోయి, యంత్రపు మూత తెఱచి, మేస్త్రీని ఉపాధ్యాయుని కుర్చీలో కూర్చుండబెట్టి, పిల్లలచే ప్రశ్నలడిగింపుడు. బాలురతో పాటు బాలికల చేతికిని స్పానరునిండు. "ఆడపిల్లకేల?" అను మాట అక్షరములు నేర్పునాడును మన తాతలు విన్నదే, అది ఎంత నిస్సారమైనదో మన యిండ్లే నిరూపించినవి. ఊరిలో పదవీవిరమణచేసిన సైనికుడున్నచో ఆతనిని పిలిచి, ఆ బండిలో చలిరాత్రి ఎట్లు గడచెనో చెప్పింపుడు.

ఈ మాత్రము చేసిన గృహస్థుడు చేసిన ఖర్చు వృథాయని నేననజాలను. అతని ఆవరణమున నున్న ప్రాతయినుము ఒక పాఠశాల యగును. ఇవేవియు చేయక, రంగును, దొంగతుపాకిని, పెండ్లిబాకాను నమ్ముకొన్నవాని బండి ఎంత తళతళలాడినను, దాని అడుగున త్రుప్పు తన పని తాను చేయుచునే యుండును. చదువరులారా! మీ యిండ్లలో నిట్టి బండి యున్నచో, ఈ ఆదివారము దాని యంత్రపు మూతను మీ చేతితో తెఱవుడు. పనిచేసిన వానిని పేరు పెట్టి పిలువుడు.